వేప్‌తో తిరుపతికి రావచ్చునా?

మాంచెస్టర్‌లో ఉంటున్న మా అన్న కొడుకు, బిడ్డకు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి టికెట్లు తీసుకున్న తరువాత ఫోన్ చేసి, "చిన్నాన్నా, నా వేప్‌ను పెద్ద పెట్టెలో వేయమంటావా, చేతి సంచిలో పెట్టుకోమంటావా?" అని అడిగాడు. వేప్ అంటే బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్టు. విదేశాల నుంచి తిరుపతికి వచ్చే మన పిల్లల్లో ఈ సందేహం చాలామందికి ఉన్నట్టుంది కనుక, వాడికి చెప్పిన జవాబునే కొంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను. వాడు అడిగింది బ్యాటరీ అంటుకుంటే పుట్టే నిప్పు గురించి. అంతకంటే ముందు అడగవలసింది చట్టం గురించి.

మన దేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో నిషేధించారు. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, అమ్మకం, ప్రకటనలతో పాటు దిగుమతి, రవాణా కూడా ఆ నిషేధంలోకి వస్తాయి. మొదటిసారి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచుకున్నందుకు వేరే శిక్ష ఉన్నది. "నేను అమ్మడానికి తేవడం లేదు, నా సొంతానికే" అనే వాదన కొందరు చేస్తారు గాని, ఏ రూపంలో, ఎంత పరిమాణంలో దగ్గర ఉంచుకున్నా అది చట్ట ఉల్లంఘనే అని కేంద్ర ఆరోగ్య శాఖ తరువాత స్పష్టం చేసింది. ప్రతి కిళ్ళీ బంకులోనూ సిగరెట్లు అమ్ముతుండగా దీనినొక్కదానినే నిషేధించడం ఏమి న్యాయమని మావాడు అడిగాడు. అడగదగిన ప్రశ్నే, కాని దానిని చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ముందు అడిగి ప్రయోజనం లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ప్రపంచమంతటా విమానయాన నియమం ఏమిటంటే, వేప్‌ను చెకిన్ సామానులో, అంటే విమానంవాళ్ళకు అప్పగించే పెద్ద పెట్టెలో వేయకూడదు, మనతోపాటు క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే ఈ మేరకు ఆదేశించింది. మన దేశపు విమానాల్లోనైతే చేతి సంచిలోనూ పెద్ద పెట్టెలోనూ రెండింటా నిషిద్ధమే. కనుక లండన్‌లో నియమం ప్రకారం చేతి సంచిలో పెట్టుకున్న వస్తువే, హైదరాబాదులో దిగి రేణిగుంటకు మరో విమానం ఎక్కబోయే సమయానికి ఎక్కడా పెట్టడానికి వీలులేనిది అవుతుంది. సింగపూర్ మీదుగా వచ్చేవారు మరింత జాగ్రత్తపడాలి. అక్కడ 2018 నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం. థాయిలాండ్‌లోనూ నిషేధం ఉన్నది.

చెకిన్ సామానులో ఎందుకు వద్దంటారో తెలుసుకుంటే, వేప్ లేనివారికి కూడా ఆ విషయం పనికివస్తుంది. లిథియం బ్యాటరీలో లోపల షార్ట్ అయితే పుట్టిన వేడి మరింత వేడిని పుట్టిస్తూ, పక్కనున్న బ్యాటరీకి పాకుతూ పోతుంది. విమానం అడుగున సామాను అరలో ఉండే హాలన్ అనే మంటలార్పే వాయువు మంటను అణచగలదు గాని బ్యాటరీ లోపలి వేడిని చల్లార్చలేదు. క్యాబిన్‌లో అయితే పొగ వెంటనే కంటబడుతుంది, సిబ్బంది నీళ్ళు పోసి చల్లబరచగలరు. అలాగని క్యాబిన్‌లో పైఅరలో పడేసి నిద్రపోవడం కూడా మంచిది కాదు: 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హేలో బయలుదేరబోతున్న ఎయిర్ బూసాన్ విమానం కాలిపోయినప్పుడు, పైఅరలోని పవర్ బ్యాంకే కారణం కావచ్చునని దర్యాప్తు అధికారులు చెప్పారు. వేప్‌లో మరో ప్రమాదం ఏమంటే, బటన్ నొక్కుకుపోతే లోపలి ద్రవాన్ని ఆవిరిచేసే తీగచుట్ట (కాయిల్) తనంతట తానే వేడెక్కుతుంది. అందుచేత దానిని అనుమతించే దేశాల మధ్య తిరిగేవారు పూర్తిగా ఆఫ్ చేసి, విడి బ్యాటరీలను తాళంచెవులు, చిల్లర నాణేలు తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి. విమానంలో దానిని ఛార్జింగ్ పెట్టకూడదు, వాడనూ కూడదు. పైకి వెళ్ళేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి వేప్ ట్యాంకులోని ద్రవం కారుతుంది కనుక దానిని నిండా నింపకపోవడం మేలు.

మావాడికి నేను చెప్పింది ఒకే మాట: ఇంట్లో వదిలేసి రా. నికోటిన్ లేకపోతే తల పగిలిపోతుందనే భయం ఉన్నవారికి, 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మన మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. తిరుమల కొండపై పొగ తాగడం ఎలాగూ నిషిద్ధం. అలిపిరి దగ్గర ప్రతి వాహనాన్నీ సంచులతో సహా తనిఖీ చేస్తారు. మరచిపోయి వేప్ తోనే దిగినవారు విమానాశ్రయపు చెత్తబుట్టలో వేయకూడదు, నలిగితే బ్యాటరీ అక్కడే అంటుకోవచ్చు; కస్టమ్స్‌కు చెప్పవలసిన వస్తువులున్నవారు వెళ్ళే రెడ్ ఛానెల్‌కు వెళ్ళి అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి అప్పగించడమే దారి.

పవర్ బ్యాంక్ మాత్రం తెచ్చుకోవచ్చు. దాని సామర్థ్యం 100 వాట్-అవర్ల లోపుండాలి, అంటే 3.7 వోల్టుల లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లే. అదీ చేతి సంచిలోనే. నడిచి కొండెక్కేవారు అలిపిరిలో సామాను అప్పగించేటప్పుడు దానిని సంచిలోంచి తీసి తమతో ఉంచుకుంటే మంచిది, ఎందుకంటే ఆ సంచులు ఒకదానిపై ఒకటి పడి నలుగుతాయి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో, డాష్‌బోర్డు మీద దానిని వదిలి దర్శనానికి పోకండి. క్యూలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.