ఎఫ్‌జెడ్డా, ఎమ్‌టీనా?

నిన్న మా బావ తన ఎమ్‌టీ-15 బైకు నాకిచ్చి, నా ఎఫ్‌జెడ్ తను తీసుకున్నాడు. నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దాకా పోయొచ్చాం. రెండూ యమహావే, ఇంజన్ల స్వభావమే వేరు. నాది 149 సీసీ, గాలితో చల్లబడేది, 12.4 పీఎస్ పవర్, అయిదు గేర్లు. బావది 155 సీసీ, లిక్విడ్ కూలింగ్, 18.4 పీఎస్, ఆరు గేర్లు. ఇంజన్ 7,400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) చేరగానే వీవీఏ, అంటే వాల్వులు తెరుచుకునే తీరును మార్చే ఏర్పాటు, అందుకుని ఇన్‌టేక్ వాల్వులు ఇంకాస్త తెరుచుకుంటాయి చూడండీ, ఆ ఊపు ఇంకా నా ఒంట్లోనే ఉంది! వచ్చేటప్పుడు సముద్రం గాలి ఎదురుకొడుతున్నా బండి తగ్గలేదు.

అయినా ట్రంకు రోడ్డు రద్దీలో, నింపాదిగా పోవాల్సిన చోట, నాకు నా ఎఫ్‌జెడ్డే కావాలి. పొద్దున అమ్మను మూలాపేట గుడికి తీసుకుపోతుంటే వెనక నుంచి భుజం తట్టి, "అబ్బయా, మన బండి మనకొచ్చేసిందా?" అనడిగింది. వచ్చేసిందమ్మా.