ఫ్రెంచ్ లాప్ కుందేలుకు గర్భసంచి ఆపరేషన్: బెంగళూరులో మా అనుభవం

మా ఇంట్లో మల్లి అనే ఆడ కుందేలు ఉంది. ఇది ఫ్రెంచ్ లాప్ జాతి. బరువు 5 కిలోలకు పైనే ఉంటుంది, చెవులు రెండూ బుగ్గల మీదుగా గడ్డం దిగువ దాకా వేలాడుతూ ఉంటాయి. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో భారీ కుందేళ్ళనూ వేలాడే చెవుల ఇంగ్లిష్ లాప్‌లనూ కలిపి, మాంసం కోసం అభివృద్ధి చేసిన జాతి ఇది. మనుషుల మధ్య నెమ్మదిగా మసలే స్వభావం వల్ల తరువాతి కాలంలో ఇళ్ళలోకి వచ్చింది. మారతహళ్ళిలో మా పై అంతస్తులో ఉండే తెలుగువారు విదేశాలకు వెళ్ళిపోతూ, ఇంకా ఏడాది నిండని మల్లిని మాకు అప్పగించారు. దానికి గర్భసంచి తీయించే ఆపరేషన్ విషయంలో మేము తెలుసుకున్నవీ, చేసినవీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెద్ద కుందేళ్ళను ఇంట్లో పెంచుతున్న తెలుగువారికి ఈ విషయంలో మన భాషలో సమాచారం దాదాపుగా దొరకడం లేదు.

ఇంత పెద్ద కుందేలును చూడగానే ఎవరికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. కానీ వేటాడబడే జంతువుకు నేల మీది నుంచి పైకి లేపబడటమంటే శత్రువుకు చిక్కడమే. వెనుక కాళ్ళకు ఆధారం లేకుండా ఎత్తినప్పుడు అది బలంగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగిపోవచ్చు. అందుచేత మేము మొదటి నుంచీ మల్లి దగ్గరికి వెళ్ళకుండా, హాల్లో చాప మీద కూర్చొని అదే వచ్చేదాకా ఆగడం అలవాటు చేసుకున్నాము. కొన్నాళ్ళకు అది మోకాలి మీద గడ్డం ఆనించి పడుకోవడం, నుదుటి మీద వేలితో రాస్తుంటే పళ్ళు మెల్లగా కొరుకుతూ కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. వీలైనంత కాలం ఈ ప్రాణిని ఆరోగ్యంగా ఉంచుకోవాలన్న ఆలోచన మాకు అప్పుడే గట్టిపడింది.

ఇంతలో దాని నడవడి మారింది. దానికి మరుగుదొడ్డిగా పెట్టిన టబ్బు శుభ్రం చేయబోతే గుర్రుమంటూ చేతి మీదికి దూకేది. మా కాళ్ళ చుట్టూ గిరగిరా తిరిగేది. అప్పటిదాకా టబ్బులోనే మూత్రం పోసేది కాస్తా, మంచం మీదికెక్కి పోయసాగింది. ఒక రోజు ఎండుగడ్డిని నోటినిండా కరుచుకొని మంచం కిందికి మోసుకుపోయి, రొమ్ము మీది బొచ్చును పళ్ళతో పీకి ఆ గడ్డిలో పరిచింది. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అత్తయ్య అది చూసి, "అమ్మాయ్, ఇది కడుపుతో ఉన్నట్టుంది, గూడు కట్టుకుంటోంది చూడు" అన్నారు. మగ కుందేలు ముఖం చూడని జీవికి అదెలా సాధ్యమని మాకు ఆశ్చర్యం వేసింది.

అది ఉత్తుత్తి గర్భమని తరువాత డాక్టరు చెప్పారు. కుందేళ్ళలో అండం నిర్ణీత కాలానికి విడుదల కాదు, కలయిక వంటి ప్రేరణ వల్ల విడుదలవుతుంది. ఒక్కోసారి మగదాని ప్రమేయం లేకుండానే శరీరం గర్భం వచ్చినట్టు ప్రవర్తిస్తుంది. నిజమైన గర్భం సుమారు 31 రోజుల పాటు ఉంటే, ఇది సుమారు 16 నుంచి 18 రోజులకు ముగిసిపోతుంది. ఆ కోపం మల్లి స్వభావం కాదనీ, హార్మోన్ల ప్రభావమనీ తెలిసి మా మనసు కుదుటపడింది. అసలు సంగతి ఆయన ఆ తరువాత చెప్పారు. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. వయసు 4 ఏళ్ళు దాటాక ఆ ముప్పు బాగా పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకు కూడా పాకుతుంది. మూత్రంలో రక్తం కనిపించడం దాని గుర్తుల్లో ఒకటి. అయితే తిన్న ఆకుల్లోని రంగుల వల్ల కూడా కుందేలు మూత్రం ఎర్రగా రావచ్చు కాబట్టి, రంగు చూసి హడలిపోకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఈ డాక్టరు మాకు అంత సులువుగా దొరకలేదు. బెంగళూరులో పశువుల క్లినిక్కులు వీధికొకటి ఉన్నట్టే అనిపించినా, వాటిలో అధిక భాగం కుక్కలకూ పిల్లులకూ పరిమితం. మొదట వెళ్ళిన చోట, ముందు రోజు రాత్రి నుంచి కుందేలుకు ఏమీ పెట్టకుండా తీసుకురమ్మన్నారు. ఆ ఒక్క మాటతో మేము అక్కడ వద్దనుకున్నాము. మత్తులో ఉండగా వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయంతో కుక్కను కడుపు మాడుస్తారు. కుందేలు జీర్ణవ్యవస్థలో వాంతికి వీలే లేదు. పైగా దాని పేగులు నిరంతరం పీచు అందుతూ ఉంటేనే కదులుతాయి. ఆ కదలిక ఆగితే గ్యాసు పట్టి, నొప్పితో మరింత తినడం మానేసి, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి కుందేలును ఆపరేషన్‌కు ముందు ఉపవాసం ఉంచమంటారా అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆ క్లినిక్కుకు కుందేళ్ళతో ఎంత పరిచయముందో తెలిసిపోతుంది. నా దృష్టిలో ఫీజు, దూరం, భవనం అందం అన్నీ దాని తరువాతే.

పక్షులకూ, తాబేళ్ళకూ, కుందేళ్ళకూ ప్రత్యేకంగా వైద్యం చేసే డాక్టరు చివరికి నగరం అవతలి కొసన దొరికారు. ఆయన తెలుగు మాట్లాడతారు కాబట్టి అత్తయ్య సందేహాలు కూడా నేరుగా తీరాయి. మల్లి గడ్డం కింద వేలాడే కొవ్వు మడతను చేత్తో పట్టి చూసి, కడుపులోనూ ఇలాగే కొవ్వు పేరుకొని ఉంటే ఆపరేషన్ కష్టమవుతుందని, ముందుగా బరువు కాస్త తగ్గించమన్నారు. అప్పటిదాకా గిన్నెడు పెడుతున్న గుళికల దాణాను కొద్దిపాటికి తగ్గించి, ఎండు తిమోతి గడ్డిని ఎప్పుడూ అందుబాటులో ఉంచసాగాము. దిగుమతి గడ్డి ఖరీదెక్కువ కావడంతో, పూజల కోసం కట్టలు కట్టి అమ్మే గరికను తెచ్చి, బాగా కడిగి ఆరబెట్టి దానికి తోడుగా పెట్టేవాళ్ళం. కొత్తిమీర, పుదీనా, ఇక్కడ సబ్బసిగె అనే సోయకూర కొద్దికొద్దిగా ఇచ్చాము. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కనుక, గడ్డిని అదే పనిగా నమలడం పేగులకే కాక పళ్ళు అరగడానికీ అవసరం.

ఎండాకాలంలో ఆపరేషన్ వద్దనుకున్నాము. 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటింది. చెమట పట్టని కుందేలుకు 30 డిగ్రీల వేడే కష్టం, దానికి ఒంటి వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి చెవులే. ఆ నెలంతా నీళ్ళ సీసాలను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి మల్లి పక్కన పెట్టేవాళ్ళం. వానలు మొదలై వాతావరణం చల్లబడ్డాక, రక్తపరీక్ష సరిగ్గా ఉందని తేలాక, తేదీ ఖాయం చేసుకున్నాము.

ఆపరేషన్ రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద రద్దీ మొదలు కాకముందే బయలుదేరాము. పెట్టెలో గడ్డి, కొత్తిమీర పెట్టాము, దారిలో అది తింటూనే ఉంది. తిరిగి లేవగానే అలవాటైన తిండే ముందు పెట్టాలని, ఇంటి నుంచి ఇంకొక పొట్లం కూడా ఇమ్మన్నారు. సాయంత్రానికి గర్భసంచి, అండాశయాలు తీసేశామని, అవి ఆరోగ్యంగానే ఉన్నాయని చెప్పి మల్లిని అప్పగించారు. కుట్లు చర్మం లోపలి వైపు, వాటంతట అవే కరిగిపోయే దారంతో వేశారు. మెడకు గరాటు వంటి పట్టీ కట్టలేదు. కుందేలు పగలు మనకు కనిపించే గట్టి పెంటికలు కాక, గుత్తిగా అంటుకొని ఉండే మెత్తటి పెంటికలను కూడా వేసి, వాటిని నేరుగా నోటితో అందుకొని తింటుంది. వాటి నుంచే దానికి కొన్ని విటమిన్లు, మాంసకృత్తులు అందుతాయి. మెడకు పట్టీ కడితే ఆ దారి మూసుకుపోతుంది.

అసలు కష్టం ఆ రాత్రే. నున్నటి టైల్సు మీద జారకుండా గదంతా దుప్పట్లు పరిచి, ఎత్తు అంచుల టబ్బు తీసేసి పలుచటి ట్రే పెట్టాము. మల్లి ఒక మూలన ముడుచుకొని, కళ్ళు సగం మూసి, పొట్టను నేలకు అదిమి పెట్టుకొని కూర్చుంది. పళ్ళు గట్టిగా నూరుతున్న చప్పుడు అడుగు దూరానికి వినిపించింది. నిమిరినప్పుడు హాయిగా చేసే చప్పుడు వేరు, ఈ నొప్పి చప్పుడు వేరు. డాక్టరు రాసిచ్చిన మెలాక్సికామ్ అనే నొప్పి మందు వేళకు వేశాము. కుక్కలకిచ్చే మోతాదు కుందేలుకు చాలదని, అలాగని తెలిసీ తెలియక మోతాదు పెంచకూడదని ఆయన గట్టిగా చెప్పారు. అలాగే మనుషులకూ కుక్కలకూ మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా ఇస్తే, కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి అది చనిపోవచ్చు. మందుల షాపులో అడిగి కుందేలుకు ఏదీ వేయకండని నేను కనిపించిన వారందరికీ చెబుతున్నాను.

గడ్డి ముట్టకపోవడంతో, పీచు పొడిని గోరువెచ్చని నీటిలో జారుగా కలిపి సిరంజితో పట్టాల్సి వచ్చింది. అత్తయ్య తువ్వాలులో మల్లిని చుట్టి, కుట్ల మీద ఒత్తిడి పడకుండా పట్టుకున్నారు. కుందేలుకు ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి కొనను పెదవి పక్క నుంచి అక్కడికి చేర్చి, చుక్క చుక్కగా వదిలి, మింగిందని చూసుకొని మళ్ళీ వదలాలి. తిన్నగా గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "తాగు తల్లీ, ఇంకొక్క గుక్క" అంటూ అత్తయ్య దాని నుదురు రాస్తూనే ఉన్నారు. మావారు టార్చి వేసి ట్రేలో పెంటికల కోసం వెతికారు. అర్ధరాత్రి దాటాక కూడా ఏమీ లేవు. తెల్లవారుజామున ఆవగింజ కంటే కాస్త పెద్దవి, నల్లగా ఎండినవి, వంకరటింకరవి నాలుగైదు కనిపించాయి. పేగులు కదిలాయన్న మాట. పగలు నేను కొత్తిమీర కాడను ముక్కు దగ్గర పట్టుకుంటే, ముందు వాసన మాత్రం చూసి, కాసేపటికి కాడ చివరను పళ్ళతో అందుకుంది. కాడ కొద్దికొద్దిగా లోపలికి పోయి, చివర ఆకు కూడా నోట్లోకి జారిపోయింది. సాయంత్రానికి గడ్డి నమలడం మొదలైంది, పెంటికలు కూడా శనగగింజంత గుండ్రంగా రావడం మొదలైంది.

కుట్లను ఉదయం, సాయంత్రం చూసేవాళ్ళం. వాపు, చెమ్మ, వాసన ఏవీ లేవు. ఈగలు వాలకుండా కిటికీలకు మెష్ ముందే బిగించాము. గాయం త్వరగానే మానింది కానీ, హార్మోన్లు తగ్గి నడవడి మారడానికి కొన్ని వారాలు పట్టింది. మంచం మీద మూత్రం ఆగిపోయింది. ఇప్పుడు టబ్బులో చెయ్యి పెట్టి శుభ్రం చేస్తుంటే పక్కనే నిలబడి చూస్తుంది. బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బే దీనికి మరుగుదొడ్డి, పిల్లుల కోసం అమ్మే ట్రేలు ఇంత పెద్ద ఒంటికి చాలవు. పిల్లుల ట్రేల్లో పోసే, నీరు తగిలితే గడ్డకట్టే మట్టిని కుందేలు తింటే పేగులు మూసుకుపోతాయి కాబట్టి, కాగితపు గుళికల మీద గడ్డి పరుస్తున్నాము. కుక్కరు విజిల్ వేస్తే మాత్రం ఇప్పటికీ వెనుక కాలితో నేలను దబ్బున తన్ని అందరినీ హెచ్చరిస్తుంది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే మడమకు ముక్కు తాకించి, చాప దాకా ముందు నడుస్తుంది.

ఆపరేషన్ తరువాతి పరీక్షలోనే డాక్టరు చెవుల గురించి హెచ్చరించారు. వేలాడే చెవుల్లో మొదటి దగ్గరే నాళం మడతపడి ఇరుకవుతుంది, గులిమి బయటికి రాక లోపలే పేరుకుంటుంది. ఇంగ్లండులో 2019లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, నిలువు చెవుల కుందేళ్ళ కంటే వీటికి చెవి, పంటి సమస్యలు ఎక్కువగా కనిపించాయి. అందుకే వారానికోసారి చెవి ఎత్తి వాసన చూస్తాము. తల విదిలిస్తున్నా, ఒక పక్కకు వంచినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో దూది పుల్లలు పెట్టడం మంచిది కాదు, గులిమి ఇంకా లోపలికి పోతుంది. బరువైన జాతి కాబట్టి వెనుక పాదాల అడుగున బొచ్చు ఊడి పుండ్లు పడే ప్రమాదం కూడా ఉంది. మేము హాలంతా మెత్తటి చాపలు పరిచి ఉంచింది అందుకే.

కుందేలు ఒంటరిగా ఉండే జీవి కాదు కాబట్టి, ఇప్పుడు మల్లికి తోడు చూస్తున్నాము. దత్తతకు సిద్ధంగా ఉన్న ఒక మగ కుందేలుకు కూడా ఆపరేషన్ చేయిస్తారు. మగవాటికి ఆ తరువాత కూడా కొన్ని వారాల పాటు పిల్లలను కనే శక్తి మిగిలి ఉంటుంది, హార్మోన్లు చల్లబడటానికీ వ్యవధి కావాలి. మల్లితో పిల్లల భయం లేకపోయినా, అంతవరకు రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచి, నడుమ కంచె పెట్టి, ఒకదాని దుప్పటి మరొకదానికి మార్చి వాసన అలవాటు చేయమని డాక్టరు చెప్పారు. పడకగదికి సరిపడే కంచె కొలతలు తీసుకొని పెట్టుకున్నాము.