ఎర్ర గేటు దగ్గర నాన్న

మా నాన్న సంగం ఆనకట్ట మీద లస్కరుగా పనిచేశారు. కాలువ తూముల తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. పెన్నకు కొత్త నీరు వచ్చినప్పుడు దాని రంగు చూసి ఎగువన ఏ వైపు వాన పడిందో చెప్పేవారు. ఆ విద్య మా అన్నయ్యకు నేర్పారు. అన్నయ్య ఏడేళ్లకే కాలువలో ఈదాడు. నన్ను మాత్రం గట్టు మీద వాడి బట్టలకు కాపలా కూర్చోబెట్టారు. "ఆడపిల్ల తడిబట్టలతో ఊళ్లోంచి ఎలా నడిచి వస్తుంది?" అని నాయనమ్మ అన్న మాటకు ఇంట్లో ఎవరూ బదులు చెప్పలేదు. నాకిప్పుడు నలభై ఆరేళ్లు. ఈత రాదు. నెల్లూరులో కుట్టుపని దుకాణం నడుపుతున్నాను.

2021 జూలైలో దుకాణానికి పని తక్కువగా ఉండేది. పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు. నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం పాప ఫోనులో టోక్యో ఒలింపిక్స్ పెట్టి, "తాతా, నీ నీళ్లు చూడు" అని ఆయన చేతికిచ్చింది. తెల్లని నురగలో ఒక చిన్న పడవ, అందులో ఒక అమ్మాయి, చేతిలో రెండు వైపులా రెక్కలున్న తెడ్డు. కనోయ్ స్లాలమ్ అనే పోటీ. అలాంటి తెడ్డుతో కూర్చుని నడిపే పడవను కయాక్ అంటారు. అది ఆడవాళ్ల కయాక్ ఫైనల్.

నాకు మొదట పడవ కంటే బట్ట కనబడింది. ఆమె నడుముకు ఒక గట్టి రబ్బరు వస్త్రం, లంగాలా ఉంది. దాని అంచును పడవ నోటి చుట్టూ లాగి బిగించారు. పడవ తలకిందులైనా లోపలికి నీరు పోదు. ఆ అంచు ముందువైపు ఒక ఉంగరం లాంటి పట్టీ ఉంది. ప్రమాదం వస్తే దాన్ని పట్టుకుని లాగితే వస్త్రం ఊడి మనిషి బయటపడుతుంది. ప్రాణం ఆధారపడి ఉన్న కుట్టు అది. ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్నాను, నేను వేసిన ఏ కుట్టు మీదా అంత భారం పడలేదు. ఆ వస్త్రాన్నే చూస్తూ రెండు మూడు పడవలను వదిలేశాను.

నాన్న చూసింది వేరు. నీటి మీద తీగలకు వేలాడే కర్రల జంటలు ఉన్నాయి. వాటినే గేట్లు అంటారు. ఆకుపచ్చ, తెలుపు చారల గేటును ఏటివాలున దాటాలి. ఎరుపు, తెలుపు చారల గేటును దాటి కిందికి పోయి, మళ్లీ ఏటికి ఎదురుగా పైకి వచ్చి అందులోంచి వెళ్లాలి. మొత్తం పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు గేట్ల దాకా పెడతారు, వాటిలో ఆరు ఎర్రవి. కర్రకు తెడ్డు తగిలినా, పడవ తగిలినా, భుజం తగిలినా కాలానికి రెండు సెకన్లు కలుపుతారు. గేటు తప్పిపోతే యాభై సెకన్లు. అంటే పోటీ అయిపోయినట్టే.

ఇదంతా పాప చదివి చెబుతుండగా నాన్న వినలేదు. ఆయన కళ్లు నీటి మీదే ఉన్నాయి. వేగంగా పారే నీరు రాయిని ఢీకొని రెండుగా చీలినప్పుడు, రాయి వెనక కొంత నీరు వెనక్కి మళ్లి పైకి పారుతుంది. నాన్న దాన్ని తిరుగునీరు అంటారు. ఆనకట్ట కింద ఆ తిరుగునీటిలో చిక్కుకున్న గేదెలను ఆయన బయటికి తీయించిన రోజులు నాకు గుర్తున్నాయి. ఎర్ర గేట్లన్నీ సరిగ్గా ఆ తిరుగునీటి మీదే వేలాడుతున్నాయని ఆయన అయిదు నిమిషాల్లో పసిగట్టారు. "పైకి పోవడానికి ఆ పిల్ల బలం చాలదమ్మా. ఏటి బలమే వాడుకోవాలి. ఇప్పుడు తెడ్డు రాయి వెనక గుచ్చాలి... గుచ్చు... ఆలస్యం చేసింది" అన్నారు. పడవ తిరగడానికి ఒక బారెడు ఎక్కువ తిరిగింది. తెర మీద అంకె ఎర్రబడింది. ఆ తరువాత ప్రతి ఎర్ర గేటు దగ్గరా ఆయన ఊపిరి బిగబట్టడం పక్కన కూర్చున్న నాకు వినిపించింది.

ఆ రోజు జర్మనీ అమ్మాయి రికార్డా ఫుంక్ 105.50 సెకన్లలో దిగి బంగారు పతకం గెలిచింది. స్పెయిన్‌కు చెందిన మైయాలెన్ చోర్రౌట్ 106.63, ఆస్ట్రేలియా జెస్సికా ఫాక్స్ 106.73. ఫాక్స్ రెండు కర్రలను తాకింది. ఆ నాలుగు సెకన్లు లేకపోతే బంగారం ఆమెదే. వెండికీ కంచుకూ మధ్య తేడా సెకనులో పదో వంతు. సూది గుచ్చి తీసేంత సేపు కూడా కాదు. పాప ఏడ్చినంత పని చేసింది. నాన్న మాత్రం చోర్రౌట్‌నే చూస్తూ ఉండిపోయారు. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. 2013లో బిడ్డను కని, 2016లో రియోలో బంగారం గెలిచి, మళ్లీ ఇక్కడ వెండి. "ఈమెకు నీళ్లు తెలుసు" అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు మగవాళ్ల గురించే విన్నాను.

రెండు రోజుల తరువాత ఫాక్స్ మరో పోటీలో గెలిచింది. మోకాళ్ల మీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే కనోయ్‌లో. ఆ పోటీ మగవాళ్లకు 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లకు పెట్టింది టోక్యోలోనే మొదటిసారి. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేదు. అంత పెద్ద దేశాల్లోనూ ఆడవాళ్లను ఇన్నేళ్లు గట్టు మీదే కూర్చోబెట్టారన్న మాట.

ఫాక్స్ అమ్మ మిరియం జెరుసల్మీ ఫ్రాన్స్ తరఫున 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇదే కయాక్ పోటీలో కంచు పతకం తెచ్చుకుంది. తండ్రి రిచర్డ్ ఫాక్స్ కూడా బ్రిటన్ తరఫున ఆడినవాడే. కూతురికి శిక్షకురాలు ఆ అమ్మే. నీటి విద్య కూతురికి చేరిన ఇల్లు అది. మా ఇంట్లో అది కొడుకు దగ్గర ఆగింది. అన్నయ్య ఇప్పుడు హైదరాబాదులో లెక్కలు రాస్తాడు, కాలువ వైపు చూసే పనే లేదు.

2024 జూలై 28, ఆదివారం. ఈసారి నాన్నే ముందుగా అడిగారు, "ఆ పడవల పిల్లలు ఎప్పుడు?" అని. ప్యారిస్ పక్కన వైర్-సుర్-మార్న్ అనే చోట మనుషులు కట్టిన కాలువ. నీటిని మోటార్లతో పైకి ఎక్కించి వదులుతారు. అది నది కాదని తెలిసి నాన్న మొదట ముఖం ముడిచారు. పడవలు దిగడం మొదలయ్యాక ఆ మాట మరచిపోయారు. ఫాక్స్‌కు అప్పటికి కయాక్‌లో లండన్ వెండి, రియో కంచు, టోక్యో కంచు. నాలుగో ఒలింపిక్స్. ఆమె ఎర్ర గేటు కర్ర చుట్టూ తిరుగుతున్నప్పుడు కర్రకూ భుజానికీ మధ్య నూలుపోగంత సందు. నాన్న "పోనీ, పోనీ" అంటూ చేతులతో గాలిని తోశారు. 96.08 సెకన్లు. పోలండ్ అమ్మాయి క్లౌడియా జ్వొలిన్‌స్కాకు వెండి, బ్రిటన్ అమ్మాయి కింబర్లీ వుడ్స్‌కు కంచు. ఫాక్స్ ఆ వారంలోనే కనోయ్ బంగారాన్నీ నిలుపుకుంది. ఆమె చెల్లెలు నోయెమీ, నలుగురు ఒకేసారి దిగి పోటీపడే కయాక్ క్రాస్‌లో గెలిచింది. నాకు మాత్రం ఆ ఆదివారమే గుర్తుంది.

ఫోను పక్కన పెట్టాక నాన్న పాపను చూసి నాతో అన్నారు: "దీనికి ఈత నేర్పించు. నీకు నేర్పలేదు. తప్పు నాదే." ముప్పై అయిదేళ్ల మాట అది. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే నిలబడ్డాను.

మన దేశంలోనూ ఈ ఆట ఉంది. మధ్యప్రదేశ్‌లో మహేశ్వర్ దగ్గర నర్మద రాళ్ల మధ్య పాయలుగా చీలి పారే సహస్రధార మీద ఖేలో ఇండియా పోటీలు జరిపారు. పాపను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలని ఉంది. ముందు ఈత. ఈత కొలనులో చేర్పించబోతే అసలు చిక్కు ఎదురైంది. పాపకు పన్నెండేళ్లు నిండుతున్నాయి. దుకాణాల్లో దొరికే ఈత దుస్తులు వేసుకోనని ఏడ్చింది. చుడీదారుతో దిగితే బట్ట నీరు పీల్చి కాళ్లకు చుట్టుకుంటుంది, కొలనులో ఒప్పుకోరు. నాయనమ్మ అడిగిన ప్రశ్నే మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది.

ఈసారి దానికి బదులు నా చేతిలో ఉంది. చెన్నై నుంచి లైక్రా అనే సాగే బట్ట తెప్పించాను. మణికట్టు దాకా చేతులు, మోకాలి కిందికి కాళ్లు, ముందు జిప్పు. మామూలు దారంతో కుడితే సాగదీసినప్పుడు కుట్టు తెగింది. సాగే దారం వేసి, వంకర కుట్టుతో మళ్లీ కుట్టాను. చంక కింద చిన్న ముక్క అతికితే గానీ చేయి పైకి లేవలేదు. మూడో జత సరిపోయింది. పాప ఇప్పుడు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా వెళుతోంది. ఆదివారాలు నాన్న గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు, తువ్వాలు ఆయన ఒడిలో ఉంటుంది.

గత నెల కొలనులో పాపతో ఈదే పిల్లల అమ్మలు నలుగురు కొలతలు ఇచ్చి వెళ్లారు. అయిదో జత నాకోసం కత్తిరించాను.