నువ్వు కూర్చోమ్మా

"నువ్వు టీ ఇవ్వలేదు, ఆయన పని లాక్కున్నావు" అంది మా వార్డు ఆక్యుపేషనల్ థెరపిస్టు. రోజువారీ పనులు రోగులు మళ్లీ సొంతంగా చేసుకునేలా చూడటం ఆమె పని. గొంతు పెంచలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఒక మానసిక వైద్యశాలలో సహాయకుడిగా చేరి అప్పటికి మూడు నెలలు. డెబ్బై దాటిన పెద్దాయన, భార్య పోయాక మంచం దిగడం మానేశాడు. ఆ రోజు వార్డు వంటగదిలో కెటిల్‌లో నీళ్లు పట్టాడు, స్విచ్ వేశాడు. తర్వాతేంటో తోచక కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెయ్యి వణుకుతోంది. చూడలేక కప్పందుకుని టీ కలిపి చేతికిచ్చాను. కావలిలో పెరిగినవాణ్ణి, అంత పెద్దమనిషి అవస్థ పడుతుంటే చూస్తూ నిలబడటం నాకు రాదు.

తర్వాత ఆమె తన కాగితం చూపించింది. టీ పెట్టడమనే ఒక్క పనిని ఎన్ని ముక్కలు చేసిందో! తనంతట తాను మొదలుపెట్టాడా, వరస గుర్తుందా, మధ్యలో ఆగితే మళ్లీ అందుకున్నాడా, వేడినీళ్ల దగ్గర జాగ్రత్తగా ఉన్నాడా. ఆగిన చోట ముందు కాస్త ఓపిక పట్టాలి. తర్వాత ఒక మాట అందించాలి. మనం చెయ్యి పెట్టడం చిట్టచివర. ఇవాళ టీ, కుదుటపడ్డాక టోస్ట్, ఆపైన కొట్టుకెళ్లి పాలు తెచ్చుకోవడం. ఇంటికి పంపే ముందు మందులతో పాటు ఇవీ చూస్తారు. నేను కప్పందుకున్న దగ్గర్నుంచి ఆమె కాగితం ఖాళీ.

1930లో బ్రిస్టల్‌లో ఈ ఆక్యుపేషనల్ థెరపీ చదువుకి బ్రిటన్‌లోనే మొదటి బడి పెట్టిన డాక్టర్ ఎలిజబెత్ కాసన్ సంగతి కూడా ఆమే చెప్పింది. కాసన్ పనిచేసే ఆసుపత్రిలో ఎప్పుడూ ఊరికే కూర్చుని ఉండే ఆడవాళ్ల వార్డు ఒక సోమవారం పొద్దున కళకళలాడుతోందట. ఏమిటా అని చూస్తే, క్రిస్మస్ అలంకరణ పని మొదలైంది. మన దేశంలోనూ 1950లో ముంబైలో కమలా నింబ్కర్ ఈ చదువు మొదలుపెట్టారు. కావలిలో ఉండగా ఈ చదువు పేరే నేను వినలేదు.

నాయన పోయినప్పుడు అమ్మను మేం పువ్వులా చూసుకున్నాం. అక్క వండేది, పిన్ని జడ వేసేది. ఏడాది పాటు ఒకటే మాట, "నువ్వు కూర్చోమ్మా." అమ్మ కూర్చుంది. తర్వాత పడుకుంది. తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. బెంగలే, అదే పోతుందనుకున్నాం.

అయినా మా వాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. అమ్మ ఒక్క పూట కూడా ఒంటరిగా తినలేదు. ఈ పెద్దాయన టీ పెట్టుకోవడం నేర్చుకుని ఇంటికెళితే ఎదురుగా ఎవరుంటారు? థెరపిస్టునే అడిగాను. కాగితం వెనక్కి తిప్పింది. గురువారాలు చర్చి హాల్లో భోజనం, మొదటి రెండు వారాలు మనలో ఒకరు తోడు. అదీ ఆలోచించింది, మంచి మనిషి. కానీ ఆ తోడు జీతం మనిషి. మా అక్క జీతానికి కూర్చోలేదు.

ఆదివారం అక్కకి వీడియో కాల్ చేసి, పులుసు అమ్మ చేత పెట్టించమన్నాను. "ఆ దేశం పోయి నేర్చుకుంది ఇదేనా అబ్బయా?" అని కోప్పడింది. చివరికి అమ్మ ముందు గిన్నె పెట్టింది. అమ్మ చింతపండు పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయింది. చెయ్యి గిన్నెలోనే ఉంది. అక్క చెయ్యి ముందుకొచ్చింది.

"ఆగక్కా" అన్నాను.

చాలాసేపటికి అమ్మ తలెత్తి, "మామిడికాయ ఏదే?" అంది.