దుప్పటి తెర మీద బొమ్మల కథ: మాస్కోలో ఫిల్మోస్కోపు వేట

కితాయ్-గోరద్ మెట్రో స్టేషన్‌లో దిగి మరసేయ్కా వీధి వెంట ఎగువకు నడిస్తే కుడిచేతి వైపు స్తరసాద్‌స్కీ సందు తగులుతుంది. పది నిమిషాల నడక. సందు వాలుగా కిందికి దిగుతూ ఉంటుంది. మధ్యలో, రోడ్డుకి కాస్త లోపలగా, మొనదేలిన గోపురంతో ఒక లూథరన్ చర్చి. 1905లో కట్టింది. ఇప్పుడు అందులో ఆర్గన్ కచేరీలు జరుగుతాయి, టికెట్లు దొరుకుతాయి. నేను వెళ్లింది మాత్రం కచేరీకి కాదు.

సోవియట్ పిల్లల ఇళ్లలో ఫిల్మోస్కోపు అనే చిన్న ప్రొజెక్టరుతో గోడల మీద ఆడిన బొమ్మల కథలు చాలావరకు ఈ కట్టడం నుంచే వచ్చాయి. 1930లలో చర్చిని మూయించాక ముందు సినిమా హాలు పెట్టారు, తర్వాత ‘డయాఫిల్మ్’ స్టూడియోకి ఇచ్చారు. 1957లో గోపురం మొన దించేశారు. తర్వాత మళ్లీ ఎక్కించారు. బయట నిలబడి చూస్తే ఇక్కడ ఫిల్ములు తయారయ్యేవంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆ స్టూడియో ఫిల్ము చుట్ట ఏది విప్పినా ఆఖరి ఫ్రేముల్లో ఈ సందు పేరే ఉంటుంది. మన ఇళ్లలోని సోవియట్ తెలుగు పుస్తకాల్లో ప్రగతి ప్రచురణాలయం వాళ్ల జూబవ్‌స్కీ బుల్వార్ చిరునామా కనిపించేది చూడండి, అచ్చం అలాగే. అదే ఫ్రేములో ధర కూడా: రంగులదైతే 30 కోపెక్కులు, నలుపు తెలుపుదైతే 20. పక్కనే రష్యన్ డ (Д) అక్షరంతో మొదలయ్యే నంబరు ఒకటి, దాని చివరి రెండు అంకెలు సంవత్సరం. అమ్మేవాడు ఎంత పాతదని చెప్పినా ఆ అంకెలే నమ్మండి.

డయాఫిల్మ్ అంటే కదిలే సినిమా కాదు. 35 మి.మీ. ఫిల్ము మీద ఒకదాని కింద ఒకటిగా నిలకడ బొమ్మలు. ఒక్కో బొమ్మ 24 మి.మీ. వెడల్పు, 18 ఎత్తు, అడుగున రెండు మూడు వరుసల మాటలు. ఫ్రేముకి నాలుగు రంధ్రాల చొప్పున 19 మి.మీ. పడుతుంది కాబట్టి 45 ఫ్రేముల కథ, ముందు వెనక ఖాళీ ముక్కలతో కలిపి, మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని చుట్టి బొటనవేలంత డబ్బీలో పెట్టి అమ్మేవారు. శబ్దం లేదు. చదివేది ఇంట్లో పెద్దవాళ్లు, ఫ్రేము తిప్పేది పిల్లలు. ఆ మర తిప్పే వంతు కోసమే కొట్లాటలు.

యంత్రం కొనాలంటే పార్తిజాన్‌స్కయా స్టేషన్ దగ్గరి ఇజ్మాయ్‌లవ బజారు. శని, ఆదివారాల్లో పొద్దున్నే వెళ్లాలి. 2022 నుంచి మన వీసా, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచేయడం లేదు, రూబుళ్లు చేతిలో ఉండాలి. బొమ్మలు, పతకాలు, సమోవార్లు అమ్మే వరుసలు దాటి పాత సామాన్ల వైపు పోతే పెట్టెల్లో ఫిల్మోస్కోపులు దొర్లుతుంటాయి. ‘ఎత్యూద్’, ‘స్వెత్’ పేర్లు ఎక్కువ కనిపిస్తాయి.

ముందు వైరు పట్టుకుని వంచండి. రబ్బరు పెళుసెక్కి పగుళ్లిస్తే ఇంటికెళ్లాక మార్చాల్సిందే, ధర దగ్గర ఆ మాట చెప్పొచ్చు. 127, 220 అని మీట ఉన్న మోడలైతే అది 220 మీద ఉందో లేదో చూడండి, ఒకప్పుడు మాస్కోలో ఇళ్లకి 127 వోల్టులే వచ్చేవి. బల్బు అడుగున రాసిన వోల్టులు, వాట్లు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పాతది మాడితే ఆ అంకెలతోనే కొత్తది వెతకాలి. తర్వాత ఫిల్ము నడిచే దారి. పళ్లచక్రం మీద ఒక్క పన్ను విరిగినా రంధ్రాలు చిరుగుతాయి. ఫిల్మును నొక్కిపట్టే గాజు పలక మీద గీత ఉంటే ప్రతి బొమ్మ మీదా అదే గీత పడుతుంది.

అన్నిటికన్నా మోసపోయేది కండెన్సర్ దగ్గర, అంటే వెలుగును ఫిల్ము మీదికి కూడగట్టే కటకాల దగ్గర. బల్బుకీ ఫిల్ముకీ మధ్య రెండు కటకాలుంటాయి, ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బుగా. ఉబ్బు వైపులు ఎదురెదురుగా ఉండాలి. ఎవరో తుడవడానికి విప్పి తిరగేసి బిగించి ఉంటారు. అప్పుడు నడిమధ్య వెలుగు, మూలలు చీకటి. ఫిల్ము లేకుండా తెల్ల కాగితం మీద వెలిగించి చూస్తే తెలిసిపోతుంది. ఒక్క పక్కే చీకటిగా ఉంటే కటకాల తప్పు కాదు, బల్బు పక్కకి జరిగింది.

ఇక ఫిల్ములు. రంగుల చుట్టలు ముద్దొస్తాయి గానీ చాలావాటిలో నీలి, ఆకుపచ్చ ఛాయలు చచ్చిపోయి బొమ్మంతా ఎర్రబారి ఉంటుంది. నలుపు తెలుపువి ఇప్పటికీ నిక్కచ్చిగా ఉన్నాయి, నన్నడిగితే అవే కొనండి. మూత తీసి వాసన చూడండి: వెనిగర్ ఘాటు కొడితే లోపల ఎసిటేట్, అంటే ఫిల్ము చేసిన ప్లాస్టిక్, విరుగుతోందని అర్థం. అలాంటిది కొద్దిరోజులకి వంకర్లు తిరిగి, కుంచించుకుపోయి, పళ్లచక్రానికి అందదు.

కొనకుండా ఊరికే చూడాలనుకునేవాళ్లకి అక్త్యాబ్ర్‌స్కయా మెట్రో పక్కన, లెనిన్ విగ్రహం ఉన్న కూడలిలో, రష్యా రాజ్య బాలల గ్రంథాలయం ఉంది. డయాఫిల్ములు పెద్ద ఎత్తున దాచారు, డిజిటల్ చేసి ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు.

మన ఇంట్లో ఆడించేటప్పుడు మొదటి పని ప్లగ్గు. సోవియట్ ప్లగ్గు కాళ్లు సన్నం, మన సాకెట్లో వదులుగా కూర్చుని నిప్పురవ్వలు లేస్తాయి. ఒళ్లు ఇనుపదైతే, దానికి ఎర్త్ లేదు. మూడు తీగల వైరు వేయించి, మూడోది ఇనుప ఒంటికి కలిపించండి. ఎలక్ట్రీషియన్‌కి పావుగంట పని.

తెర అంటే ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి. మడతలుంటే బొమ్మల ముఖాలు వంకరపోతాయి. సున్నం వేసిన గోడ ఇంకా మేలు. బొమ్మ వెడల్పు లెక్క సులువే: 24ని దూరంతో గుణించి, లెన్సు మీద రాసిన అంకెతో భాగించాలి. నా యంత్రం లెన్సు 78 మి.మీ. రెండు మీటర్ల దూరంలో దాదాపు 60 సెం.మీ. బొమ్మ, మూడు మీటర్లకి 90. కానీ మూడు మీటర్ల దగ్గర వెలుగు సగానికన్నా తగ్గిపోతుంది, రెండున్నర దాటొద్దు. యంత్రాన్ని తెర నడిమి ఎత్తుకే పెట్టాలి. కింద పెట్టి ముక్కు పైకెత్తితే బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది. సోవియట్ ఇళ్లలో స్టూలు మీద లావుపాటి పుస్తకాలు పేర్చేది ఇందుకే.

ఫిల్ము ఎక్కించడం: యంత్రం వెనక తెర వైపు తిరిగి నిలబడండి. అక్షరాలు సరిగ్గా కనబడేలా ఫిల్ము పట్టుకుని, అలాగే తలకిందులు చేసి పైనుంచి దింపాలి. రష్యన్ రాకపోయినా తప్పు పట్టుకోవచ్చు. రష్యన్‌లో ఇంగ్లిష్ ‘ఆర్’, ‘ఎన్’ పెద్దక్షరాల ఆకారాలు లేవు, వాటి అద్దపు బింబాల్లాంటివే ఉన్నాయి. తెర మీద చక్కని ‘ఆర్’ కనిపించిందా, ఫిల్ము తిరగబడింది.

బొమ్మ వచ్చిన కొన్ని క్షణాలకి మసకబారుతుంది. కంగారు పడొద్దు. వేడికి ఫిల్ము ఉబ్బుతుంది, అది కుదురుకున్నాక లెన్సు మళ్లీ తిప్పాలి. అలాగని ఒకే ఫ్రేము మీద కబుర్లు పెట్టుకోకూడదు. అర నిమిషం దాటకుండా ముందుకి జరపండి. వేడిగా ఉన్న యంత్రాన్ని కదిపితే బల్బు తీగ తెగుతుంది. వేడిని ఆపే గాజు బిళ్ల ఊడిపోయి ఉంటే ఫిల్ము కమురుతుంది, అది లేకుండా వెలిగించనే వద్దు.

తెలుగులో చదవాలంటే ముందే కాగితం మీద ఫ్రేము వారీగా మాటలు రాసి పెట్టుకోవాలి. శబ్దం లేకపోవడంలో సుఖం అదే, ఏ భాషైనా ఇముడుతుంది. ముసలాయన, ముసలమ్మ, మనవరాలు, కుక్క, పిల్లి, చిట్టెలుక కలిసి ముల్లంగి పీకే కథ మొదటిదానికి బాగుంటుంది. రాసుకోవాల్సింది తక్కువ, రెండో ఫ్రేముకల్లా పిల్లలే పాట అందుకుంటారు.

అయ్యాక తిరిగి చుట్టేటప్పుడు అంచులే పట్టుకోండి, మొదటి ఫ్రేము బయటికి రావాలి. వదులైన చుట్టని కొస పట్టి లాగి బిగించొద్దు, ఇరుక్కున్న ధూళి పొడవునా గీస్తుంది. డబ్బీలో వేశాక మూత గట్టిగా నొక్కకండి, ఎసిటేట్‌కి కాస్త గాలి కావాలి. వెనిగర్ వాసన పట్టినదాన్ని మాత్రం వేరే అలమారలో పెట్టండి, దాని ఆవిరి పక్క చుట్టలకి కూడా అంటుకుంటుంది.