తొలిచూలు పెయ్యల కాపలా

న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న సౌత్‌ల్యాండ్‌లో, డెయిరీ ఫారంలో ఉద్యోగం అంటే పాలు పితకడమే అనుకుంటారు చాలామంది. నాకు ఇక్కడ నిజంగా పని నేర్పింది తొలిచూలు పెయ్యలు.

ఈ ప్రాంతంలో మంద దాదాపు ఒకే కాలంలో ఈనుతుంది. ఇక్కడి చలికాలం చివర, అంటే ఆగస్టు చుట్టుపక్కల మొదలవుతుంది. వసంతంలో గడ్డి ఏపుగా పెరిగేసరికి ఆవులన్నీ పాల మీద ఉండాలి. పెయ్యలు వాటికంటే ఓ వారం పది రోజులు ముందే ఈనేలా చూస్తారు. మొదటి ఈత తర్వాత మళ్లీ ఎదకు రావడానికి వాటికి ఎక్కువ సమయం పడుతుంది మరి.

ఆగస్టు రాత్రులు ఎలా గడుస్తాయో అంతకు ముందటి అక్టోబరు, నవంబరులో పెయ్యల్ని ఆబోతుతో దాటించేటప్పుడే సగం తేలిపోతుంది. పెయ్యకు 15 నెలలు నిండితే చాలదు, పెద్దయ్యాక ఉండాల్సిన బరువులో 60 శాతం ఉండాలి. 500 కిలోల ఆవు కావాల్సిన పెయ్య 300 కిలోలకు వచ్చాకే దాటించాలి. రెండేళ్ల వయసులో ఈనేముందు 90 శాతానికి చేరాలి. అందుకే నాకు వయసు కంటే తూకం మీదే నమ్మకం. ఇక్కడ పెయ్యలకు ఎక్కువగా జెర్సీ ఆబోతుల్ని వదులుతారు. దూడ చిన్నగా పుడుతుంది, తల్లికి ప్రాణాపాయం తగ్గుతుంది.

చివరి నెలల్లో మేత తగ్గిస్తే ఈత సులువవుతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. దూడ బరువు పెద్దగా తగ్గదు కానీ తల్లి నీరసపడుతుంది, జున్నుపాలు తగ్గిపోతాయి. అలాగని బాగా కొవ్వు పట్టినా ఈత కష్టమే.

ఇక రాత్రి కాపలా. దక్షిణపు గాలి, మంచు కలిసిన వాన, చేతిలో టార్చి. నొప్పులు పడే పెయ్య మందకు దూరంగా పోయి లేస్తూ పడుకుంటూ ఉంటుంది. దగ్గరికి వెళ్లి బెదరగొట్టకూడదు, ముక్కడం ఆపేస్తుంది. నీటి సంచి కనిపించినప్పటి నుంచి గడియారం చూసుకోవాలి. గంటలో ఏమీ ముందుకు జరగకపోతే చెయ్యి శుభ్రంగా కడుక్కుని, జారుడు ద్రవం రాసుకుని లోపల చూడాలి. రెండు ముందుకాళ్లు, వాటి మీద ముట్టె తగిలితే దూడ సరిగ్గా ఉన్నట్టే. అరికాళ్లు పైకి తిరిగి ఉంటే వెనక్కాళ్లేమోనని అనుమానించాలి. దూడ కాలికి, గిట్టకు కాస్త పైనుండే కీలుకు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు తాడు వేసి, తల్లి ముక్కినప్పుడే లాగాలి. తల బయటికి వచ్చాక కిందికి లాగాలి. ఇద్దరు మనుషుల బలానికి కదలకపోతే ఇంకా లాగకూడదు, పశువుల డాక్టర్‌ను పిలవాల్సిందే.

కొత్తగా వచ్చిన మనవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. అర్ధరాత్రి రెండింటికి మేనేజర్‌ని లేపాలంటే టెన్షన్ పడతారు. పని రాదనుకుంటారేమో, వీసా పని ఇచ్చినవాళ్లతో ముడిపడి ఉంది కదా అని భయం. ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలోనన్న బెరుకు వేరే. ఆ వెనకాడిన గంటలోనే దూడ పోతుంది, ఒక్కోసారి తల్లి కూడా. ఫోన్లో పెద్ద వాక్యాలు అక్కర్లేదు. పెయ్య చెవి ట్యాగు నంబరు, నీటి సంచి కనిపించిన సమయం, చేతికి ఏం తగిలింది. ఈ మూడూ చెబితే చాలు. నిద్ర లేపారని కోప్పడే మేనేజర్ ఉంటే ఆ తప్పు అతనిదే.

దూడ పడ్డాక ఊపిరి చూడాలి, బొడ్డుకు అయోడిన్ పెట్టాలి, జున్నుపాలు వీలైనంత త్వరగా, మొదటి ఆరు గంటల్లోపే కడుపునిండా పట్టాలి. ఆ గంటలు దాటేకొద్దీ దూడ పేగులు జున్నుపాలలోని రక్షణ పదార్థాల్ని తీసుకోవడం తగ్గిపోతుంది. కొత్తగా ఈనిన పెయ్యకు పాలషెడ్డు చప్పుళ్లూ కొత్తే. ఈనకముందే రెండు మూడుసార్లు అందులోంచి నడిపిస్తే తన్నడం బాగా తగ్గుతుంది.

వచ్చే ఏడాది ఈనాల్సిన పెయ్యల తూకం ఈ వారంలో ఉంది. వెనకబడ్డవాటిని విడిగా మంచి గడ్డిలోకి మార్చమని ఇప్పటికే అడిగాను.