28 సంచుల మట్టి కోసం మూడు నెలలు తిరిగాను

నిన్న సాయంత్రం అసోసియేషన్ వాళ్లు సంతకం పెట్టిన కాగితం నా చేతికొచ్చింది. మేడ మీద నా మొక్కలు ఉండొచ్చు అని. మాది విజయవాడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఇలాంటి గొడవ ఇంకెవరికైనా వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. కోపం ఇంకా చల్లారలేదు, మాట కాస్త గట్టిగా పడితే ఏమీ అనుకోకండి.

సంచుల్లో మట్టి నింపి మొక్కలు పెంచడం కష్టమేం కాదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి. మల్లె, గులాబీ మొక్కలు మా తమ్ముడు కడియం వెళ్లినప్పుడు తెచ్చిపెట్టాడు. పిండినల్లి (తెల్లగా దూదిలా అంటుకునే పురుగు) కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి, మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడిపోతుంది.

మావారు పోయాక ఏడాదిన్నర నాకు సరిగ్గా నిద్ర లేదు. పిల్లలు రోజూ ఫోన్ చేస్తారు, కానీ ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్లీ అలాగే ఉంటుంది. అన్నిటికంటే సాయంత్రం ఆరు గంటల వేళ భరించలేకపోయేదాన్ని, ఆయన ఆఫీసు నుంచి వచ్చే టైమది. పోయిన కార్తీకంలో ఆరు సంచుల్లో గోంగూర, తోటకూర వేశాను, తర్వాత బీర పెట్టాను, అలా సంచులు ఇరవై ఎనిమిదయ్యాయి. బీరపువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది. మా మేడ మీదకి తేనెటీగలు పెద్దగా రావు, అందుకని మగపువ్వు తెంపి, రేకలు వెనక్కి మడిచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించాలి. ఆడపువ్వుకి కింద సన్నని పిందె ఉంటుంది, గుర్తుపట్టడం తేలికే. పట్టిన పిందె రెండు మూడు రోజుల్లో సాగుతుంది, పట్టనిది పసుపు పచ్చగా మారి రాలిపోతుంది. ఆరింటికి నేను చేయాల్సిన పని ఒకటి ఉంది అనేసరికి ఆ వేళంటే భయం పోయింది. నిద్ర మాత్ర కూడా డాక్టర్‌ని అడిగే తగ్గించుకుంటూ వచ్చి మానేశాను.

ఏప్రిల్‌లో పై అంతస్తులో ఒకరి హాలు సీలింగ్‌కి చెమ్మ వచ్చింది. వానలు లేవు కాబట్టి నీళ్లు నా సంచుల నుంచే దిగుతున్నాయని తీర్మానించేశారు. వాట్సాప్ గ్రూపులో నా బీరపందిరి ఫోటో పెట్టి, కింద "ఈ చెత్త ఆదివారం లోపు తీసేయాలి" అని రాశారు. ఆదివారం మీటింగ్‌కి వెళ్లాను. సెక్రటరీ అందరి ముందూ అన్న మాట ఇది: "అమ్మా, మీకు కాలక్షేపం కావాలంటే గుడికెళ్లి కూర్చోండి, మా స్లాబు మీద వ్యవసాయం ఎందుకు?" నవ్వారు. నా గోంగూర తీసుకెళ్లి పచ్చడి చేసుకున్నవాళ్లు కూడా నవ్వారు. నాకు గొంతు పెగల్లేదు. ఇరవై ఎనిమిదేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేక మెట్లెక్కి వచ్చేశాను. భర్త లేని ఆడమనిషికి ఇష్టాలు ఉండకూడదా? గుడికి నేను వెళ్తూనే ఉన్నాను, అది ఇంకొకరు చెప్పాల్సిన పని కాదు.

ఇంజినీర్ దగ్గర లెటర్ తెస్తే ఆలోచిస్తామన్నారు. వాళ్లే చెప్పిన ఇంజినీర్ ఆరు వేలు తీసుకుని, మేడ ఎక్కకుండానే "స్లాబుకు ప్రమాదం" అని రాసిచ్చాడు. అలాంటివాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి. తర్వాత మా తమ్ముడికి తెలిసిన ఆయన వచ్చి ఒక్కో సంచీ తూకం వేయించారు. తడిసిన సంచి 25 కిలోల లోపే ఉంది. మనుషులు తిరిగే మేడకి చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కేసి కడతారట, కాబట్టి సంచులన్నీ ఒకేచోట గుంపుగా పెట్టకుండా, స్లాబు నడిమధ్యన కాకుండా, కింద దూలాలున్న గోడ వారగా దూరం దూరంగా పెట్టమన్నారు. బయటికి పొడుచుకొచ్చిన భాగం మీద మాత్రం ఒక్కటి కూడా వద్దన్నారు. అడుగున ఇనుప స్టాండ్లు వేయించాను, నీళ్లు నిలవకుండా ఊడ్చుకోవచ్చు.

మరి చెమ్మ సంగతి? సంచులన్నీ మెట్ల గది వైపు జరిపి పది రోజులు ఆ చోట చుక్క నీళ్లు పడకుండా చూశాను. వాచ్‌మన్ రోజూ నాకు సాయం పట్టాడు, ఆయన మేలు మర్చిపోలేను. పది రోజులైనా సీలింగ్ మీద మరక పెరుగుతూనే ఉంది. అప్పుడు ప్లంబర్‌ని పిలిపిస్తే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే పైపు, స్లాబులోకి వెళ్లేచోట ఎల్బో (పైపు వంపు తిరిగే ముక్క) పగిలి ఉంది. మార్చిన వారానికి చెమ్మ ఆరింది. ఇంతవరకు ఒక్కరు కూడా "పొరపాటైంది" అనలేదు.

మీరు మొదలుపెట్టేవాళ్లయితే, మట్టి పైకి మోయించకముందే అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటిమాట నమ్మకండి. మొక్కలు పెట్టకముందు స్లాబు, పై ఫ్లాట్ల సీలింగులు తేదీతో ఫోటోలు తీసి ఉంచుకోండి. నా దగ్గర ఆ ఫోటోలు లేకే ఇన్ని మాటలు పడ్డాను.

ఈ గొడవలో నీళ్లు సరిగా అందక పాత బీరపాదు ఎండిపోయింది. వానలు మొదలయ్యాయి కదా, నిన్న రాత్రే కొత్త గింజలు నానబెట్టాను. ఈ పూట నాలుగు సంచుల్లో పెట్టేస్తాను.